పెంచలకృష్ణకు పదకొండొందల నలభై మంది పాఠకులు

మా పెంచలకృష్ణకు పదకొండు వందల నలభై మంది పాఠకులుండేవారు. అల్లూరులో ఇంకెవరికీ అంతమంది లేరు. కావాలని ఇంకెవరూ అనుకోలేదు కూడా. ఎవరి రొయ్యల గోల వాళ్ళకుంది.

ఆయనది బస్టాండు రోడ్డులో ‘వినీలా జిరాక్స్ అండ్ నెట్ సెంటర్’. వినీల ఆయన భార్య. పక్క గది నాది, రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు. రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తారు, ఉప్పెంతుందో, విషమెంతుందో చూసి చెబుతాను. నా పేరు నవోమి. నా నోరు మంచిది కాదని రోడ్డంతా అంటారు. అదేమీ అబద్ధం కాదు.

మా దగ్గర మనిషికి ఈమెయిలు పుట్టేది జిరాక్స్ షాపులోనే. పాన్ కార్డుకి పోతే “మెయిల్ ఐడీ ఉండాదా?” అంటారు. ఉండదు. “పెట్టేదా?” అంటారు. పెట్టమంటాం. పేరు, పుట్టిన సంవత్సరం, చివర ఊరి పేరు తగిలించి పెంచలకృష్ణ ఒక ఐడీ చేస్తాడు. పాస్‌వర్డు అందరికీ ఒకటే పద్ధతి, పేరు వెనకాల ఒకటి రెండు మూడు. రెండూ ఒక పాత డైరీలో రాసిపెడతాడు. రైతు కార్డు తీసుకుని ఇంటికి పోతాడు, మెయిలు మాత్రం షాపులోనే ఉండిపోతుంది. ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. ఆ డైరీలో సగం మండలం ఉంది. ఇందులో ఎవరికీ తప్పు కనబడలేదు, నాకూ కనబడలేదు. నా మొదటి ఐడీ కూడా ఆయన చేసిందే.

రెండేళ్ళ కిందట ఆయనకు రాతజబ్బు పట్టుకుంది. కరెంటు లేని ఒక మధ్యాహ్నం ఫోనులో ఏదో వీడియో చూశాడు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్న కుర్రాడెవడో, సొంతంగా ఈమెయిలు పత్రిక పెట్టి, వారం వారం ఉత్తరం రాసి, వేలమంది పాఠకులను సంపాదించానని చెబుతున్నాడు. పైన యజమాని లేడు, ఎడిటరు లేడు, నీ మాట నేరుగా చదివేవాడి చేతికే. పెంచలకృష్ణ ఆ వీడియో మూడుసార్లు చూసి నా ల్యాబులోకి వచ్చాడు.

“నవోమక్కా, నేను రైటర్ని అవుతుండా,” అన్నాడు.

“దేనికన్నా?”

“లోపల చానా ఉండాదక్కా.”

“లోపల ఏదన్నా ఉంటే డాక్టరుకు చూపించుకో,” అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు. రైటరు అవుతానన్నవాడికి అన్నిటికంటే ముందు పోయేది అదే అనుకుంటాను.

పత్రిక పేరు ‘గెలుపు గట్టు’. ప్రతి ఆదివారం పొద్దున్నే వస్తుంది. మొదటి నెల ఏడుగురు చేరారు. ఆయన, వినీల, బావమరిది, నేను, ఎట్లా దారితప్పి వచ్చారో తెలియని హైదరాబాదు వాళ్ళు ముగ్గురు. అందరం చదివామా అంటే, ఆయన చదివాడు. నేను ఒక్కటి కూడా తెరవలేదు. ఈ మాట ఇక్కడే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఇకమీదట నేను చాలా మాట్లాడబోతున్నాను.

ఏడుగురితో ఆయనకు అన్నం సయించలేదు. షాపు బాగా నడుస్తోంది, పిల్లలు చదువుకుంటున్నారు, ఒంట్లో షుగరు కూడా లేదు. ఉన్న దిగులంతా ఒకటే. తను రాసింది ఎవరో ఒకరు చదవాలి, చదివి ఒక మాట అనాలి. ఎంత వెక్కిరించినా ఆ ఆశలో తప్పేముందో నేను ఇప్పటికీ చెప్పలేను. వీడియో కుర్రాడేమో ‘ముందు మీకు తెలిసినవాళ్ళను చేర్చుకోండి’ అన్నాడు. పెంచలకృష్ణకు తెలిసినవాళ్ళందరూ డైరీలో ఉన్నారు. ఒక ఆదివారం షాపు తలుపు దగ్గరగా వేసుకుని, ఆ ఐడీలన్నీ ఒక్కొక్కటే కొట్టి పత్రికలో కలిపేశాడు. సాయంత్రానికి పదకొండొందల నలభై అయ్యారు. ఒక్కరినీ అడగలేదు.

మూడో రోజుకు షాపు ముందు ఫ్లెక్సీ లేచింది. ‘వెయ్యి దాటిన పాఠకులు’ అని ఎర్ర అక్షరాలు, కింద కళ్ళజోడు పెట్టుకుని గడ్డానికి పెన్ను ఆనించిన పెంచలకృష్ణ. ఆయనకు కళ్ళజోడు లేదు. నాది అడిగి పట్టుకుపోయినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఇక రాతలంటారా! ‘విజేతలు తెల్లవారుజామున నాలుగున్నరకు నిద్ర లేస్తారు’ అని మొదలుపెట్టాడు. ఎవరికి? రొయ్యల రైతులకు. నీళ్ళలో గాలి తగ్గి రొయ్య తేలిపోతుందేమోనని గట్టు మీద మంచమేసుకుని కాపలా కాసేవాళ్ళకు. అసలు నిద్రే లేనివాళ్ళకు లేవడం నేర్పాడు మహానుభావుడు. ఇంకో వారం ‘రోజూ కాసేపు ప్రకృతిలో నడవండి’ అన్నాడు, మోకాలి లోతు బురదలో పొద్దంతా నడిచేవాళ్ళతో. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరిన వారం మేడెక్కి అందరం పొగ గీత చూసి దిగాం. ఆదివారానికల్లా ‘మీరూ ఒక రాకెట్టే, బరువు వదిలేయండి’ అని వచ్చింది. ఇవన్నీ నాకు వినీల చెప్పేది. భర్త అక్షరాలు టైపు చేస్తుంటే పక్కన కూర్చుని చింతపండు ఒలుస్తూ చదివేది, చదివి నాకు చెప్పి నవ్వేది.

తెల్లమచ్చ జబ్బు వచ్చి చుట్టుపక్కల గుంటలు ఖాళీ అవుతున్న నెలలో మాత్రం ఇద్దరికీ నవ్వు రాలేదు. ఆ వారం ఆయన రాసింది ‘నష్టం అనేది మనసులోనే ఉంటుంది’ అని. నేను చేతిలో సీసా కింద పెట్టి వాళ్ళ షాపులోకి పోయాను.

“మనసులో ఉంటదా? గుంటలో ఉండాది పో, చూసిరా! చచ్చిన రొయ్యల్ని సున్నమేసి పూడుస్తుండారు. ఈ రాత వాళ్ళు చదివుంటే నిన్నూ అందులోనే పూడ్చుండేవాళ్ళు.”

“చదివినారక్కా,” అన్నాడు చల్లగా. “ఓపెన్ రేటు ఇరవై పైన ఉండాది. నూటికి ఇరవై మంది వారం వారం తెరిచి చూస్తుండారు. పేరున్నోళ్ళకే అంత రాదంట.”

కంప్యూటరు తిప్పి చూపించాడు. నిజంగానే ఉంది అంకె. నాకు మింగుడు పడలేదు. మా రైతులు నా ల్యాబు రిపోర్టే చదవరు; కాగితం మడిచి జేబులో పెట్టుకుని “బాగుండాదా, బాగలేదా, అది చెప్పు పాపా” అంటారు.

“మరి ఒక్కరన్నా జవాబు రాసినారా?” అని అడిగాను.

“మనోళ్ళకి మొహమాటం,” అన్నాడు.

అల్లూరోళ్ళకి మొహమాటం! లోపలి నుంచి వినీల పకపకా నవ్వింది.

నా ప్రశ్న ఆయనకు గుచ్చుకున్నట్టుంది. ఆ ఆదివారం ఉత్తరం చివర ఒక వాక్యం చేర్చాడు. ‘ఇది చదివామని వచ్చి చెప్పినవారికి సోమవారమంతా జిరాక్స్ ఉచితం.’ సోమవారం పొద్దున్నే కొత్త కాగితాల కట్టలు దించుకున్నాడు. రద్దీ ఆపలేకపోతే సాయానికని వినీలను కూడా కూర్చోబెట్టాడు. పొద్దుగూకింది. ఒక్క మనిషి రాలేదు. ఊరికే వస్తుందంటే నాకొకటి మా తమ్ముడికొకటి అనే ఊరు మాది. అట్లాంటి ఊళ్ళో ఊరికే ఇస్తామంటే ఎవరూ రాలేదంటే, ఆ సంగతి ఎవరికీ తెలియదని అర్థం. వినీలకూ నాకూ అది అర్థమైంది. ఆయన మాత్రం “సోమవారం పెట్టుండకూడదక్కా, జనం పన్ల మీదుంటారు” అన్నాడు.

ఆ తర్వాత పది రోజులకు నా ల్యాబుకు వెంకటశేషమ్మ వచ్చింది. ఊరి బయట ఆమెకు రెండు గుంటలున్నాయి. మొగుడు పోయిన పదేళ్ళ నుంచి సాగు అంతా తనే. అరవై దాటినా, ఆమె గట్టెక్కిందంటే పనివాళ్ళు బీడీలు ఆర్పేస్తారు. ఆ రోజు నీళ్ళ సీసా నా బల్ల మీద పెట్టి, పరీక్ష చెయ్యమనకుండా అట్లాగే కూర్చుంది.

“కరెంటు రాయితీ పోయింది పాపా,” అంది.

నీళ్ళు చిలికి గుంటకు గాలి పట్టించే మోటర్లు రాత్రింబగళ్ళు తిరగాల్సిందే, లేకపోతే రొయ్య బతకదు. ఆఫీసులో అర్జీ పెట్టుకుని గుంట నమోదు చేయించుకున్నవాళ్ళకు ఆ కరెంటు తక్కువ ధరకు వస్తుంది. శేషమ్మ అర్జీ పెట్టి ఎదురుచూస్తోంది. ఈ పంటకు ఆ రాయితీ వస్తుందన్న ధైర్యంతోనే రెండో గుంటలో కూడా రొయ్యపిల్ల వదిలింది.

“ఎట్టా పోయింది శేషమ్మా?”

“కాయితంలో సర్వే నంబరు తప్పుండాదంట. ఇరవై రోజుల్లో సరిచెయ్యమని రాసినారంట. నేను పలకలేదంట, కొట్టేసినారు. యాడ రాసినారు సామీ అంటే మెయిల్లో అంటారు. నాకు మెయిలేంది తల్లీ? నేనెప్పుడు జూసినా దాన్ని?”

నాకు పెంచలకృష్ణ డైరీ గుర్తొచ్చింది. ఆమెను లేపి పక్క షాపుకు తీసుకుపోయాను.

పెంచలకృష్ణ డైరీ తీసి, ఐడీ వెతికి, కంప్యూటరులో కొట్టాడు. శేషమ్మ మెయిలు తెరుచుకుంది. ముగ్గురం చూశాం. పైనుంచి కిందికి ‘గెలుపు గట్టు’, ‘గెలుపు గట్టు’, ‘గెలుపు గట్టు’. పైనున్న నాలుగైదు తప్ప అన్నీ తెరిచి చూసినవే. వాటి కింద, ఆ తెరిచినవాటి మధ్యలో ఇరుక్కుని ఒకే ఒక్కటి తెరవకుండా నల్లటి లావు అక్షరాల్లో ఉంది. ఆఫీసు నుంచి వచ్చింది అదే.

“ఇయ్యన్నీ ఎవురు పంపినారబ్బయా?” అంది శేషమ్మ.

“నేనే పెద్దమ్మా.”

“తెరిచిందెవురు?”

ఆయన మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. అప్పుడు తెలిసింది నాకు ఆ నూటికి ఇరవై లెక్క. ఎవరో ఒకరు ఏదో ఒక పనికి వస్తారు, మెయిలుకు ఓటీపీ నంబరు వస్తుంది, అది చూడటానికి రోజుకు ముప్పై నలభై మంది మెయిళ్ళు ఈయన తెరుస్తాడు. తెరవగానే తన ఉత్తరాలు కనబడతాయి. ఫొటో సరిగా వచ్చిందా, అక్షరాలు విరగలేదు కదా, ఆ మూడో పేరా ఎంత బాగా కుదిరిందో అని ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటాడు. తన ఉత్తరం తెరవకుండా నల్లగా కనబడితే ఆయనకు ప్రాణం ఒప్పదు. చదివే ఆ నూటికి ఇరవై మందీ ఈయనే! తా వలచింది రంభ, తా మునిగింది గంగ అంటారు. ఈయన తా రాసింది తానే, ఊరందరి పేర్లతో చదువుకున్నాడు.

“పోయిన నెల గ్యాసు కాయితానికి నీ కాడికే వస్తిని గదా,” అంది శేషమ్మ. “నా ముందరే ఇది తెరిస్తివి గదా. ఆ పొద్దుటికి ఈ ఆఫీసుది వచ్చుండాదా?”

తేదీ నేను చూశాను. వచ్చి ఉంది. గడువుకు అప్పటికి ఇంకా ఆరు రోజులుంది.

శేషమ్మ కాసేపు ఆ కంప్యూటరునే చూసింది.

“నీదే చూసుకుంటివి,” అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఇంత నోరున్న నాకే ఆ షాపులో నిలబడలేనంత సిగ్గేసింది. తర్వాత ఆమె తన ఫోను నా చేతికిచ్చి, “దీని తాళం మార్చి నాకియ్యి పాపా, ఇంకెవురి కాడా ఉండకూడదు,” అంది. పాస్‌వర్డు మార్చి, ఫోనులో మెయిలు పెట్టి, ఎట్లా తెరవాలో చూపించాను. రెండుసార్లు తనే తెరిచి చూసుకుని వెళ్ళిపోయింది.

మరుసటి రోజు నుంచి మూడు రోజులు పెంచలకృష్ణ జిరాక్స్ ముట్టలేదు. డైరీలో ఉన్న ప్రతి ఒక్కరి మెయిలూ తెరిచాడు. తన ఉత్తరాలు చెరిపేసుకుంటూ పోతే వాటి కింద అరవై మూడు మెయిళ్ళు దొరికాయి. ఒకరికి కాలేజీ సీటు, ఒకరికి పాస్‌పోర్టు, ఒకరికి ఉద్యోగం పరీక్ష. సగానికి పైగా గడువు దాటిపోయాయి. బండేసుకుని ఊరూరా తిరిగి ఎవరిది వాళ్ళకు చెప్పి వచ్చాడు. తిట్లు తిన్నాడు. టైటస్ అనే పిల్లాడికి పరీక్ష పోయింది. వాళ్ళ నాయన చెయ్యి కూడా చేసుకున్నాడని విన్నాను. బండి మీంచి పడ్డానంటాడు పెంచలకృష్ణ. శేషమ్మ అర్జీ పట్టుకుని ఆఫీసుకు నాలుగుసార్లు పోయాడు. మళ్ళీ కొత్తగా పెట్టుకోవాల్సిందే అన్నారు. ఈ పంటంతా ఆమె మోటర్లు పూర్తి ధర కరెంటుతోనే తిరగాలి.

ఫ్లెక్సీ పీకేశాడు. డైరీలోవాళ్ళందరినీ పత్రిక నుంచి తీసేశాడు. మళ్ళీ ఏడుగురే మిగిలారు. అందులో హైదరాబాదు వాళ్ళు ముగ్గురూ తెరవడం ఎప్పుడో మానుకున్నారని అప్పుడే గమనించాడు.

ఇక రాయడం మానేస్తాడనుకున్నాను. మానెయ్యలేదు. షాపుకు వచ్చిన ప్రతివాడినీ “ఎవరికి ఏ కాయితం వచ్చిందో, ఏది ఎప్పటిలోగా కట్టాలో రాస్తా, పంపనా?” అని అడగడం మొదలుపెట్టాడు. ఇదీ విడ్డూరమే! ఎనిమిదేళ్ళలో మొట్టమొదటిసారి అడుగుతున్నాడు. చాలామంది వద్దన్నారు. “దండం పెడతా, నన్నొదిలెయ్ నాయనా,” అని ఒకాయన జిరాక్స్ కూడా తీసుకోకుండా పోయాడు. చేపలమ్మే కామమ్మ మాత్రం ఆలోచించింది.

“తిరిగి మనం రాయొచ్చునా దానికి?”

“రాయొచ్చు కామమ్మా.”

“తిట్టేదానికి వీలుంటదా?”

“ఉంటది.”

“అయితే పంపు,” అంది.

శేషమ్మను అడగడానికి గుంట దాకా పోయాడు. గట్టు కింద నిలబడే అడిగాడట. “పంపు, ఏం రాస్తావో చూస్తా,” అందట ఆమె. అట్లా నెల తిరిగేసరికి ఇరవై మూడు మంది అయ్యారు. చేర్చుకునే ముందే పాస్‌వర్డులు మార్పించాడు, వాళ్ళలో ఒక్కరిది కూడా ఆయన దగ్గర లేదు.

వాళ్ళకు మొదటి ఉత్తరం పోయిన ఆదివారం, చర్చిలో ప్రార్థన ముగించుకుని వచ్చి ల్యాబు తెరిచేసరికి శేషమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఫోను నా ముందు పెట్టింది.

“అక్షరాలు సన్నంగా ఉండాయి. చదువు పాపా, ఒక్క ముక్క వదలకుండా.”

రెండేళ్ళలో నేను తెరిచిన మొదటి ‘గెలుపు గట్టు’ అదే. విజేతలు లేరు, రాకెట్లు లేవు. ఏ అర్జీకి ఏ తేదీ గడువో, మెయిలు పాస్‌వర్డు సొంతంగా ఎట్లా మార్చుకోవాలో, తెలిసిన మాటల్లో ఉంది. పైన మాత్రం జరిగింది రాశాడు. డైరీ సంగతి, అడక్కుండా అందరినీ చేర్చుకున్న సంగతి, చదివే నూటికి ఇరవై మందీ తనేనన్న సంగతి, ఏదీ దాచలేదు. ఇంత బాగా రాయగలిగినవాడు ఇన్నాళ్ళూ ఆ చెత్త ఎందుకు రాశాడురా దేవుడా అనుకున్నాను. శేషమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. నేను తర్వాతి వాక్యం చదివాను.

“‘శేషమ్మగారికి ఆఫీసు నుంచి వచ్చిన మెయిలు పొరపాటున నా కంట పడలేదు.’”

“ఆగు,” అంది.

ఆగాను.

“కంట పడలేదంటనా?”

“అట్టనే రాసినాడు.”

“జవాబు రాయొచ్చునన్నాడు గదా. రాయి.” ఆమె చెప్పింది, నేను కొట్టాను. ‘పెంచలకృష్ణా, నీ కంట పడింది. నా ముందరే పడింది. అది వదిలిపెట్టి నువ్వు నీది చూసుకుంటివి. పొరపాటు అనొద్దు. మార్చి రాయి. వెంకటశేషమ్మ.’

పంపాను. గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడయింది. పెంచలకృష్ణ ఫోను పట్టుకుని వచ్చి మా గడపలో నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది. కానీ నిజం చెప్పాలి, ఆ పాలిపోయిన మొహంలో ఎక్కడో సంతోషం కూడా ఉంది. రెండేళ్ళకు ఆయనకు వచ్చిన మొదటి జవాబు అది.

“చదివినావా పెద్దమ్మా?” అన్నాడు.

“చదవబట్టే గదా చెప్తుండా.”

ఆయన నా స్టూలు మీద కూర్చున్నాడు. ఫోనులో ఆ వాక్యం చెరిపేసి, చాలాసేపు బొటనవేలు పైకెత్తి పట్టుకుని ఉండి, ఇంకో వాక్యం రాశాడు. ఇరవై మూడు మందికీ ఉత్తరం రెండోసారి పోయింది. శేషమ్మ ఫోను మోగింది. ఆమె ఏమీ అనకముందే నేను తీసి చదివాను.

“‘శేషమ్మగారికి వచ్చిన మెయిలు నేను చూశాను. అది తెరవకుండా, దాని పక్కనున్న నా ఉత్తరం తెరిచి చదువుకున్నాను.’”

“మళ్ళీ చదువు,” అంది. మళ్ళీ చదివాను. ఆమె ఫోను తీసుకుని కొంగున చుట్టుకుంది, లేచింది.

“నన్ను క్షమించినావా పెద్దమ్మా?” అన్నాడు పెంచలకృష్ణ.

శేషమ్మ గడప దాటబోతూ నిలబడింది. “క్షమించినానని నేను రాయలేదే,” అంది. “చదివినా. అంతే.”